బడిలో ఎకరా, సెంటు, అడుగు చెప్పాలా? మీటరు, హెక్టారు చాలా?

బండల_లెక్క (బేతంచెర్ల): పది పాసైన పిల్లోడిని గదికి ఎన్ని బండలు పడతాయంటే బిత్తరపోతాడు. ఇక్కడ నాపరాయి అమ్మేది చదరపు అడుగుల్లో. 10×12 గది అంటే 120. అంచులు కోసేటప్పుడు పోయేదానికి పది శాతం కలిపితే 132. 2×2 అడుగుల పలకలైతే 33. ఈ లెక్క బడిలో ఎందుకు లేదు?

లెక్కల_అయ్యవారు (కర్నూలు): 2009 తూనికలు కొలతల చట్టం ప్రకారం ధర చెప్పినా, బిల్లు రాసినా మెట్రిక్‌లోనే ఉండాలి. మారాల్సింది అంగడి, బడి కాదు. రెండూ నేర్పితే పిల్లలు మార్చే దగ్గర తప్పుతారు. మీటరుకు 3.28 అడుగులని చదరపు మీటరునూ 3.28తోనే గుణిస్తారు. రావాల్సింది 10.76.

బండల_లెక్క: చెప్పకపోతే తప్పక ఏం చేస్తారు సార్? 3.28ని 3.28తో గుణించి చూపించండి, ఒక్క పీరియడ్ పని.

ఆదోని_రైతు: మాకు పక్కనే కర్ణాటక. అక్కడ ఎకరాకు 40 గుంటలు, మనకు 100 సెంట్లు. వాళ్ల కాగితంలో 2-20 అంటే రెండున్నర ఎకరాలు. దాన్ని 2.20 అని చదివితే 30 సెంట్లు పోయినట్టే. మన దాంట్లోనూ 2 ఎకరాల 5 సెంట్లను 2.5 అని రాసేవాళ్లుండారు. అది 2.05 కదన్నా!

బోరు_మోటారు (అనంతపురం): అయ్యవారి మాటే నాది. బోరులో రెండంగుళాల నీళ్లు పడినాయంటారు, గంటకెన్ని లీటర్లో తెలీదు. ఆ మాట నమ్మి పెద్ద మోటారు కొంటే నీళ్లు చాలక అది గాలి పీలుస్తుంది. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి చూడండి. 40 సెకన్లలో నిండితే గంటకు 18,000 లీటర్లు.

లెక్కల_అయ్యవారు: అదే నేను చెప్పేది. ఇంటర్ ఫిజిక్స్‌కు సెంట్లూ గుంటలూ పనికిరావు.

బండల_లెక్క: ఇప్పుడు బయటపడింది! ఇంటర్‌కు పోయేవాళ్ల కోసమే మీ పాఠం. గనికీ చేనికీ పోయేవాళ్లు మీ తరగతిలో లేరా?

లెక్కల_అయ్యవారు: ఉన్నారు. వాళ్లు గనికే పోవాలని మీరు ముందే రాసేస్తున్నారు, నాకు కోపం అందుకే.

బండల_లెక్క: ఇంజనీరైనా తాత పాసుపుస్తకం చదవాల్సిందే కదా సార్. అందులో ఉండేది ఎకరాలూ సెంట్లే.

ఆదోని_రైతు: టేపుకు ఒక అంచున సెంటీమీటర్లు, ఇంకో అంచున అంగుళాలు ఉంటాయి. తరగతి గదిని రెండు విధాలా కొలిపించి వైశాల్యం కట్టించండి. చదరపు మీటర్లను 10.76తో గుణిస్తే చదరపు అడుగులకు దగ్గరగా రావాలి. రాకపోతే కొలతైనా తప్పు, గుణకారమైనా తప్పు.

లెక్కల_అయ్యవారు: కొలిపిస్తాను. పరీక్షలో మాత్రం అడగను.

బండల_లెక్క: మార్కుల్లేని లెక్క ఎంతమంది చేస్తారో మీకు తెలీదా సార్?