అచ్చులో లేని పుస్తకాన్ని లైబ్రరీ స్కాన్ చేసి అందరికీ పెట్టొచ్చా?

బీరువాతాళం: కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. ఎక్కడా కొనడానికి దొరకని తెలుగు పుస్తకాలు మా దగ్గర పొడై రాలిపోతున్నాయి. స్కాన్ చేసి సైట్లో పెడదామంటే కాపీరైట్ అని పైవాళ్లు ఆపేశారు. ఎవరూ అమ్మని పుస్తకాన్ని చదవనివ్వకపోతే ఎవరికి లాభం?

కలంపేరు: పెడితే నాకు నష్టం. నా కథల సంపుటి పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. ఒక్కరూ నన్ను అడగలేదు. రచయిత పోయాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుందండీ, నేనింకా బతికే ఉన్నాను.

తర్కం: ఢిల్లీ యూనివర్సిటీ ఫొటోకాపీ కేసు చూడండి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ప్రెస్సులు 2012లో వేశాయి. బోధనకు అవసరమైనంత మేరకు కాపీ తీసుకోవడం తప్పు కాదని 2016లో హైకోర్టు చెప్పింది.

కలంపేరు: అది పాఠం చెప్పడానికి. ఊరందరికీ పంచమని కాదు.

బీరువాతాళం: 1957 చట్టంలోని 52వ సెక్షన్ లైబ్రరీల గురించి కూడా చెప్తుంది. మన దగ్గరున్న పుస్తకాన్ని భద్రపరచడానికి డిజిటల్‌గా దాచుకోవచ్చు. దేశంలో అమ్మకానికి దొరకనిదైతే లైబ్రరీ వాడకానికి మూడు ప్రతుల దాకా తీసుకోవచ్చు.

తర్కం: మూడంటే బ్యాకప్ కూడా లెక్కలోకొస్తుందా?

నిశ్శబ్దపాఠకుడు: పాత పుస్తకం దొరికితే చాలు.

కలంపేరు: దాచుకోండి, ఎవరొద్దన్నారు? దాచడం పేరుతో పంచితే దొంగతనమే.

బీరువాతాళం: దొంగ అనే మాట వెనక్కి తీసుకోండి. థీసిస్ రాసే పిల్లలు ఒక్క పుస్తకం కోసం ఊళ్లు తిరగడం రోజూ చూస్తున్నాను. మీ పబ్లిషర్ మళ్లీ అచ్చు వేశాడా? ఆయన మీద లేని కోపం మా మీదెందుకు?

కలంపేరు: అడిగాను. హక్కులు రాసిచ్చేశారుగా అన్నాడు. రాయల్టీ లెక్క ఒక్కసారీ చూపించలేదు. ఆయనా అడగలేదు, మీరూ అడగరు. రాసినవాడికి ఇక మిగిలిందేమిటి?

తర్కం: బ్యాకప్ సంగతి ఎవరైనా చెప్పండి.

పరిశోధక: కలంపేరు గారూ, మీ ఒప్పందం బయటకు తీయండి. గడువు రాసుకోకపోతే 19వ సెక్షన్ ప్రకారం అది ఐదేళ్లే. హక్కు ఎప్పుడో మీకు తిరిగొచ్చి ఉండొచ్చు.

కలంపేరు: చూస్తాను. వచ్చినా సరే, ఉచితంగా పెట్టాలా వద్దా అన్నది నేను చెప్పాలి. అడిగుంటే ఇచ్చేవాణ్ణేమో.

బీరువాతాళం: మీరున్నారు కాబట్టి అడగొచ్చు. మా బీరువాల్లో చాలా పుస్తకాలకు వారసులెవరో తెలీదు. హక్కుదారు దొరకని పుస్తకాలకు అదే చట్టంలోని 31ఎ సెక్షన్ కింద లైసెన్సు కావాలంటే ముందు ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన వేయాలి. పుస్తకం పుస్తకానికీ ఆ ఖర్చు ఏ కాలేజీ పెడుతుంది? అందుకే మేం వెతుకుతాం, దొరక్కపోతే పెడతాం, వారసులొచ్చి వద్దంటే ఆ రోజే తీసేస్తాం.

కలంపేరు: పెట్టాక తీస్తే ఏం లాభం? దింపుకున్నవాళ్ల దగ్గర ఉండనే ఉంటుంది. లైబ్రరీలో కూర్చోబెట్టి స్క్రీన్ మీద చదివించండి, సంతోషం. నెట్లో పెట్టడానికి మాత్రం నేను ఒప్పుకోను.

బీరువాతాళం: లైబ్రరీ దాకా రాగలిగినవాళ్లకు ఇప్పుడూ చదవనిస్తూనే ఉన్నాం. నేనడిగేది రాలేనివాళ్ల కోసం.