తీగ లాగితే డొంకంతా: ఈ డొంక పొదా, బాటా?

చిత్రావతి, అనంతపురం:
ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైలులో ఉండే డేటాబేస్) ట్రిగ్గర్ల మీద తెలుగులో పాఠం రాస్తాండా. ట్రిగ్గర్ అంటే ఒక టేబుల్ మారితే దానంతటదే నడిచే ఆదేశం. ఒక్క అప్‌డేట్‌కు మూడు టేబుళ్లు మారేచోట "తీగ లాగితే డొంకంతా కదిలినట్టు" అని పెట్టినా. డొంక అంటే బండ్ల బాట గదా, బాటెట్ల కదులుతుందని ఒకరు అడిగినారు. ఏది సరి? "దొంక" అని ఎక్కడన్నా చూసినారా?

బుగ్గవంక, కడప:
పొదేనప్పా. కంప కొట్టేవాళ్లను అడుగు. ఒక తీగ గుంజితే ఎక్కడో అవతలి కొమ్మ ఊగుతుంది. ట్రిగ్గర్ గుణమూ అదే. కోడ్‌లో కనపడేది ఒక టేబుల్, ఊగేది ఇంకోటి.

తుంగభద్ర, కర్నూలు:
గుంటూరు పక్క డొంక అంటే బాటే అన్నా. రెండు పక్కలా కంచె, కంచె పొడుగునా తీగ. ఈ కొస లాగితే ఆ కొస దాకా కదులుతుంది. ట్రిగ్గర్లూ ఒకదాన్నొకటి అట్లే లేపుతాయి. ఎస్‌క్యూలైట్‌లో ఆ లోతుకు మామూలు హద్దు 1000. తనను తాను లేపుకోవాలంటే మాత్రం రికర్సివ్ ట్రిగ్గర్స్ అనే ప్రాగ్మా (సెట్టింగు) ఆన్ చేయాల.

బుగ్గవంక:
మరి తీగ కొస ఎవరి చేతిలో ఉంది? క్రియేట్ ఫంక్షన్ (పైతాన్ మెథడ్‌ను ఎస్‌క్యూలైట్‌కు ఒక పేరుతో పరిచయం చేసేది)తో కట్టిన మెథడ్‌ను ట్రిగ్గర్ పిలుస్తుంది. ఆ పేరు ఆ ఒక్క కనెక్షన్‌కే (ప్రోగ్రాం డేటాబేస్‌ను తెరిచిన ఆ లంకెకే) తెలుసు. అదే ఫైలును కమాండ్ లైన్‌లో తెరిచి అప్‌డేట్ చేస్తే "నో సచ్ ఫంక్షన్" అని నిలిచిపోతుంది. కనెక్షన్ తెరిచినచోటే ఫంక్షన్లన్నీ నమోదు చేయాల. మెథడ్ లోపల తప్పు జరిగితే అసలు కారణం పైకి రాదు, తప్పు ఎక్కడిదో చూపే ఎనేబుల్ కాల్‌బ్యాక్ ట్రేస్‌బ్యాక్స్‌ను పైతాన్‌లో ఆన్ చేసుకోండి.

చిత్రావతి:
ఇది పాఠంలో చేరుస్తా. రికార్డును (టేబుల్‌లోని వరుసను) చదివి పైతాన్‌లో పెట్టుకునే ఆబ్జెక్టుకు వేమన్నను తెచ్చినా: "కొండ యద్దమందు కొంచెమై యుండదా". రికార్డు కొండ, ఆబ్జెక్టు అద్దం.

తుంగభద్ర:
కుదరదు. కొండ మారితే అద్దంలో అప్పుడే మారుతుంది. ఆఫ్టర్ ట్రిగ్గర్ (మార్పు అయినాక నడిచేది) రికార్డును మార్చినా చేతిలోని ఆబ్జెక్టు పాతదే. రిటర్నింగ్ (మార్చిన వరుసను అప్పుడే తిరిగిచ్చేది) కూడా ఆ మార్పు చూపదు, మళ్లీ సెలెక్ట్ చేసి చదవాల్సిందే. అది అద్దం కాదు, గోడ మీది పటం.

బుగ్గవంక:
పటం మాట బాగుంది. కానీ "కొంచెమై" అంటే చిన్నదై అనే, లోటు కాదు. పై పాదం "కొంచెముండుటెల్ల కొదువ గాదు" అదే చెబుతుంది. కొదువా, కొదవా? నా చెవికి కొదువే.

తుంగభద్ర:
కొదవ. ఇంట్లో ఏం కొదవ అంటాం గాని కొదువ అంటామా?

బుగ్గవంక:
ఇంట్లో మాట వేరు, పద్యం వేరు.

చిత్రావతి:
పటమే పెడతా. ఇంకోటి: ట్రిగ్గర్ మెథడ్‌ను పిలిచేది కమిట్‌కు (మార్పు ఖాయం చేయడానికి) ముందే. రోల్‌బ్యాక్ (మార్పు రద్దు) అయితే రికార్డు వెనక్కి పోతుంది, ఆబ్జెక్టుకు చెప్పిన కబురు వెనక్కి రాదు. మెథడ్‌లో కబుర్లు జాబితాలో రాసిపెట్టి, కమిట్ అయినాక పంచాల. "దొంక" చూసినవాళ్లు ఇంకా పలకలేదు.