అక్యూట్ పాంక్రియాటైటిస్ ముదురుతుందో లేదో మామూలు రక్తపరీక్షలు ముందే చెప్పగలవా?

రవికిరణం:
క్లోమం హఠాత్తుగా వాచినవారిలో సుమారు 80 శాతం మందికి జబ్బు తేలికగానే తగ్గిపోతుంది. మిగిలినవారిని మొదటి రోజే పసిగట్టడానికి బీయూఎన్ (రక్తంలో యూరియా నైట్రోజన్), హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) చాలని నా వాదన. తీవ్రతను అంచనా వేసే 1974 నాటి రాన్సన్ పద్ధతికి 11 అంశాలు కావాలి, అవి పూర్తయ్యేసరికి 48 గంటలు గడుస్తాయి. బీయూఎన్ డెసీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటి, మర్నాటికి ఇంకా పెరిగితే ప్రమాదమే. హెమటోక్రిట్ 44 శాతం దాటి, సెలైన్ ఎక్కించినా దిగకపోతే రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి పోతోందన్నమాట.

సుమతి:
మా అన్నయ్యకు క్లోమం ఎంజైమైన లైపేజ్ పెద్దగా పెరగలేదు, భయపడకండి అన్నారు. తర్వాత ఊపిరి అందక ఐసీయూకు మార్చారు. రక్తపరీక్షలను ఎలా నమ్మమంటారు?

రవికిరణం:
సుమతి గారూ, నేను లైపేజ్ మాటే ఎత్తలేదు. గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు చేరితే జబ్బు గుర్తించడానికి అది ఒక ఆధారం, అంతే. ఎంత పెరిగిందన్నదాన్ని బట్టి తీవ్రత తేలదు.

ల్యాబ్‌మిత్ర:
ఒంట్లో వాపును సూచించే సీఆర్‌పీ పరీక్షను మరిచారు. లీటరుకు 150 మిల్లీగ్రాములు దాటితే తీవ్రతకు సూచన.

రవికిరణం:
అది నమ్మదగ్గది 48 గంటలకే. నేను వద్దంటున్నదే ఆ ఆలస్యాన్ని.

వార్డువైద్యుడు:
రక్తహీనత ఉన్న మనిషి హెమటోక్రిట్ 34 నుంచి 41కి ఎగబాకినా మీ 44 గీత కిందే ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి బీయూఎన్ ముందే ఎక్కువ. 2008లో వచ్చిన బైసాప్ అనే తీవ్రత స్కోరులో బీయూఎన్‌తో పాటు వయసు, స్పృహ, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడం కూడా చూసేది ఊరికే కాదు.

రవికిరణం:
ఒక్కసారి చూసి వదిలేయమని నేనెక్కడ అన్నాను? 24 గంటలకు మళ్లీ చేయమన్నాను. పైన చదవండి.

వార్డువైద్యుడు:
చదివాను. ‘ప్రమాదం ఎక్కువ’ అని తేలిన రోగికి ఏం చేస్తారు? సెలైన్ పెంచుతారా? 2022 వాటర్‌ఫాల్ పరిశోధనలో తొలిగంటల్లో జోరుగా సెలైన్ ఎక్కించినవారికి ఒంట్లో ద్రవం ఎక్కువై ఇబ్బంది పెరిగింది, లాభం కనబడలేదు. ఆ పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. పైగా ‘ఎక్కువ’ అన్నవారిలో చాలామంది మామూలుగానే కోలుకుంటారు.

సుమతి:
మీరిద్దరూ ‘ఎక్కువ’ దగ్గరే కొట్టుకుంటున్నారు. మా అన్నయ్య పడింది ‘తక్కువ’ లెక్కలో! ఆ మాట కాగితం మీద పడ్డాక మూత్రం సంచిలో ఎంత చేరిందో రాత్రంతా ఎవరూ రాయలేదు. ఆయాసపడుతున్నాడని పిలిస్తే ‘రిపోర్టులు బాగున్నాయమ్మా’ అన్నారు. నా కోపం పరీక్ష మీద కాదు, దాన్ని చూపించి మనిషిని చూడటం మానేయడం మీద.

వార్డువైద్యుడు:
నా అభ్యంతరమూ అదే. 2012 అట్లాంటా వర్గీకరణ ప్రకారం ‘తీవ్రం’ అంటే 48 గంటలు దాటినా అవయవ వైఫల్యం తగ్గకపోవడం. మొదటి రోజు చేతికొచ్చేది అంచనా మాత్రమే. దాని పేరుతో ఎవరినీ గమనింపు నుంచి తప్పించకూడదు.

రవికిరణం:
బాధ్యత వదిలేసిన సిబ్బంది తప్పును బీయూఎన్ మీద మోపకండి. రాత్రి వార్డులో ఒకే నర్సు ఉంటే ముందు ఎవరి మంచం దగ్గరికి వెళ్లాలి? ఆ ప్రశ్నకు మీరింకా జవాబు చెప్పలేదు, డాక్టరు గారూ.

వార్డువైద్యుడు:
ఆయాసపడుతున్నవారి దగ్గరికి. వారి రిపోర్టులో ఏమున్నా సరే.