సబ్ శాండ్‌విచ్‌లో నూనె, వెనిగర్ పడవలసింది రొట్టె మీదా, కూరగాయల మీదా?

కరకర:

పొడవాటి రొట్టెను చీల్చి మాంసం, ఛీజ్, కూరగాయలు నింపే సబ్ శాండ్‌విచ్‌ను ఎవరికి నచ్చినట్లు వారు పేర్చుకోవచ్చునని చెప్పి ఊరుకోవడం నాకు సమ్మతం కాదు. ఏ మాంసం, ఏ ఛీజ్ అన్నది ఇష్టాన్ని బట్టి ఉంటుంది. ఏది దేనికి ఆనుకొని ఉండాలన్నది మాత్రం చాలావరకు తడికి సంబంధించిన విషయం. టమాటాలో దాదాపు 95 శాతం నీరే ఉంటుంది. కోసిన ముక్క మీద ఉప్పు చల్లితే కొద్ది నిమిషాల్లోనే ఆ నీరు పైకి ఊరుతుంది. వెనిగర్‌లోనూ 5 నుంచి 7 శాతం ఆమ్లం పోగా మిగిలినదంతా దాదాపు నీరే. ఈ రెండింటినీ నేరుగా రొట్టెకు తగలనిస్తే, లోపలి మెత్తని భాగం నీటిని పీల్చుకొని, వేళ్ళు ఆనిన చోటల్లా ముద్దగా మారి, సగం తినకముందే అడుగు చిరిగిపోతుంది.

అందువల్ల నేను పాటించే క్రమం ఇది. రొట్టెను పొడవునా కోసి, ఒక అంచును మాత్రం విడిపోకుండా వదులుతాను. కోసిన రెండు ముఖాలకూ ఆలివ్ నూనె పలుచగా రాసి, వాటి మీద ప్రొవొలోన్ ఛీజ్ పరుస్తాను. నూనె, ఛీజ్ కలిసి నీటికి అడ్డుగా నిలుస్తాయి. తర్వాత హ్యామ్, సలామీ అనే పంది మాంసపు రకాలు. వీటిని కాగితమంత పలుచగా కోయించి, ఒకదాని మీద ఒకటి అదిమి పేర్చకుండా, వదులుగా మడిచి పెట్టాలి. మడతల మధ్య గాలి ఉన్నప్పుడు అదే మాంసం ఎంతో మృదువుగా తెగుతుంది. టమాటా ముక్కలు మాంసానికి పైన, రొట్టెకు దూరంగా ఉండాలి. సన్నగా తరిగిన లెట్యూస్ ఆకును, ఉల్లిపాయను ఒక గిన్నెలో వేసి, వెనిగర్, ఉప్పు, ఎండు ఒరెగానో ఆకు కలిపి, వడ్డించే ముందు మాత్రమే మధ్యలో నింపాలి. వెనిగర్‌ను సీసాతో నేరుగా రొట్టె మీద పోసేవారు తమ కారణమేమిటో చెప్పాలని కోరుతున్నాను.

ఉల్లిపొర:

కరకర గారూ, రొట్టె నానకూడదన్న మీ మొదటి మాటనే నేను అంగీకరించను. ఫ్రాన్స్‌లోని నీస్ నగరపు పాన్ బన్యా అనే శాండ్‌విచ్‌ను చూడండి. నూనె, టమాటా రసం రొట్టెలోకి పూర్తిగా ఇంకేదాకా దాన్ని కదపకుండా ఉంచుతారు. అమెరికాలోని న్యూ ఓర్లీన్స్‌లో సిసిలీ నుంచి వలస వచ్చినవారు తయారుచేసిన మఫులెట్టా అనే శాండ్‌విచ్‌లో ఆలివ్ కాయల సలాడ్‌ను నూనెతో సహా రొట్టె మీదే పరుస్తారు. కాసేపు ఆగి తింటేనే దాని రుచి తెలుస్తుందని చెప్పేవారు చాలామంది. ఇక సబ్ విషయానికే వస్తే, న్యూజెర్సీ, ఫిలడెల్ఫియా ప్రాంతాల్లో ఇటాలియన్ సబ్ చేసేవారు చివరికి కూరగాయల మీదనే నూనె, వెనిగర్ పోసి, ఒరెగానో చల్లి, కాగితంలో గట్టిగా చుట్టి ఇవ్వడం సర్వసాధారణం. పైన పోసినది పైనే ఉండిపోదు కదా. టమాటా రసాన్ని, సలామీ కొవ్వును, ఉల్లి ఘాటును తనలో కలుపుకొని కిందికి దిగుతుంది. ఆ కలిసిన రసమంతా చేరేది అడుగు రొట్టెలోకే. మీరు ఛీజ్‌తో అడ్డుకట్ట వేస్తే రొట్టె పొడిగా ఉండే మాట నిజమే, కాని దానికి ఏ రుచీ అంటదు. అడుగు రొట్టె పులుపెక్కిన ఆ చివరి భాగం కోసమే నేను మిగతాదంతా తింటాను.

నిదానం:

ఇద్దరూ శాండ్‌విచ్‌ను ఎప్పుడు తింటారో చెప్పకుండానే వాదిస్తున్నారు. చేసిన పది నిమిషాల్లో తినేవారికి ఉల్లిపొర గారి పద్ధతిలో ఏ ఇబ్బందీ లేదు. పొద్దున చేసి మధ్యాహ్నం తినేవారికి మాత్రం అది పనికిరాదు. అలాంటివారు టమాటాను, వెనిగర్‌ను విడిగా తీసుకువెళ్ళడమే మేలు. శాండ్‌విచ్‌ను ఫ్రిజ్‌లో పెట్టడం కూడా పూర్తి పరిష్కారం కాదు, ఎందుకంటే ఆ చల్లదనంలో రొట్టెలోని పిండి పదార్థం తిరిగి గట్టిపడి, బయట ఉంచిన దానికన్నా త్వరగా పాతబడుతుంది.

మరొక మాట. నూనెను రొట్టెకు రాయడం మంచిదని కరకర గారు చెప్పినదానికి వారు చెప్పని కారణం ఒకటి ఉంది. లెట్యూస్ ఆకు మీద సహజంగా ఉండే మైనపు పొర నీటిని ఆపుతుంది గాని నూనెను ఆపలేదు. అందువల్ల ఆకును వెనిగర్ కన్నా నూనే త్వరగా వాడిపోయేలా చేస్తుంది. నూనె రొట్టె వైపు, వెనిగర్ ఆకు వైపు ఉండడం రెండింటికీ క్షేమం. నూనె జిడ్డు నచ్చనివారు మయొనీజ్ రాసుకోవచ్చు. అమెరికా నిబంధనల ప్రకారం మయొనీజ్ అన్న పేరుతో అమ్మేదానిలో బరువు ప్రకారం కనీసం 65 శాతం నూనె ఉండాలి కనుక, తడిని ఆపే పని అది కూడా బాగానే చేస్తుంది.

పొయ్యిపక్క:

రొట్టెను కాల్చే విషయం ఎవరూ ఎత్తలేదు. కోసిన ముఖాలను మాత్రమే పెనం మీద ఆనించి రంగు మారేదాకా ఉంచితే, పైన పలుచని పొడి పొర ఏర్పడి తడి దిగడం ఆలస్యమవుతుంది. అయితే ఆ వేడి తగ్గాకే లెట్యూస్ పెట్టాలి.

కరకర:

ఉల్లిపొర గారూ, మీరు చూపిన ఉదాహరణల్లో రొట్టె వేరు. పాన్ బన్యాకు, మఫులెట్టాకు వాడేవి వెడల్పాటి గుండ్రని రొట్టెలు. వాటిని పళ్ళెంలో పెట్టి ముక్కలుగా కోసి తినవచ్చు, రసం కారినా ఆకారం చెదరదు. సబ్ రొట్టె సన్నగా, పొడవుగా, లోపల దూదిలా ఉంటుంది, పైగా అంచు దగ్గర ఒక్క పొర మీదే రెండు సగాలూ ఆధారపడి ఉంటాయి. ఆ మడత అంచు తడిసిందంటే లోపల ఉన్నదంతా ఒడిలోకే జారుతుంది. రొట్టెకు రుచి అంటాలన్న మీ కోరిక న్యాయమైనదే కనుక, ఒక మార్గం సూచిస్తాను. పై సగంలోని మెత్తని భాగాన్ని వేళ్ళతో కొంత తీసివేసి, ఆ గుంటలో వెనిగర్ కలిపిన ఉల్లి, లెట్యూస్ నింపండి. అప్పుడు పులుపు పై రొట్టెకు అంటుతుంది, అడుగు రొట్టె గట్టిగానే ఉంటుంది. మెత్తని భాగం తగ్గడం వల్ల, కొరికినప్పుడు నోటినిండా రొట్టే తగలడమన్న బాధ కూడా ఉండదు. నిదానం గారు లెట్యూస్ గురించి చెప్పినది నా క్రమానికి మరింత బలమిస్తోంది.

ఉల్లిపొర:

పై సగంలో గుంట చేయడానికి నాకు అభ్యంతరం లేదు, ఈసారి అలాగే చేస్తాను. అడుగున ఛీజ్ పరచడానికి మాత్రం ఒప్పుకోను. నా శాండ్‌విచ్‌లో అడుగు రొట్టెకు తగిలేది నూనె, దాని మీద ఉప్పు చల్లిన పలుచని టమాటా ముక్కలు, ఆ తర్వాతే సలామీ. ఛీజ్‌ను మాంసం మడతల మధ్య పెడతాను, అక్కడ అది ఉప్పదనాన్ని తగ్గించే పని చేస్తుంది. మడత అంచు తడవకుండా ఉండాలంటే టమాటాను ఆ అంచుకు ఒక వేలు వెడల్పు ఇవతలే ఆపితే సరిపోతుంది. చుట్టేటప్పుడు కూడా మడత అంచు పైకి వచ్చేలా కాగితంలో నిలబెడతాను.