లస్ట్‌గార్టెన్ పుస్తకాలు కేసు చరిత్రా, డిఫెన్స్ లాయరు వాదనా?

పాతకేసుల బీరువా:

బ్రిటిష్ కోర్టు కేసుల గురించి చదివేవాళ్లకు ఎడ్గర్ లస్ట్‌గార్టెన్ పేరు ఎక్కడో ఒకచోట తగులుతుంది. 1907లో మాంచెస్టర్‌లో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్ యూనియన్ అనే విద్యార్థుల చర్చావేదికకు అధ్యక్షుడిగా చేసి, 1930 నుంచి పదేళ్లు బారిస్టరుగా పనిచేశాడు. యుద్ధకాలంలో రేడియో ప్రచారంలోకి వెళ్లి బ్రెంట్ వుడ్ అన్న మారుపేరుతో మాట్లాడాడు. యుద్ధం అయ్యాక నల్లకోటు మళ్లీ తొడగలేదు. బీబీసీలో ప్రొడ్యూసరయ్యాడు, 1947లో నవల తెచ్చాడు, 1949లో ఆరు వివాదాస్పద తీర్పుల మీద ‘వెర్డిక్ట్ ఇన్ డిస్‌ప్యూట్’ రాశాడు. 1978లో లండన్‌లో మేరిల్‌బోన్ లైబ్రరీలో ఉండగానే పోయాడు.

నా ప్రశ్న ఒకటే. ఆయన పుస్తకంలో ఒక కేసు చదివి ‘ఈ కేసు నాకు తెలుసు’ అనొచ్చా? అనకూడదనే నేనంటాను. మాన్సినీ కేసు చూడండి. 1934లో బ్రైటన్‌లో ఒక ఇంట్లో ట్రంకుపెట్టెలో వయొలెట్ కే శవం దొరికింది. టోనీ మాన్సినీ మీద హత్య కేసు పెట్టారు. ఆ డిసెంబరులో లూయిస్ అసైజెస్‌లో, అంటే అక్కడి పెద్ద క్రిమినల్ కోర్టులో, డిఫెన్స్ లాయరు నార్మన్ బర్కెట్ వాదించి అతన్ని విడిపించాడు. 1951 నాటి ‘డిఫెండర్స్ ట్రయంఫ్’లో లస్ట్‌గార్టెన్ ఈ కేసును డిఫెన్స్ ఘనవిజయాల్లో ఒకటిగా పెట్టాడు. 1976లో మాన్సినీయే తాను చంపానని పత్రికకు చెప్పాడు. పాతికేళ్లు పాఠకులు నమ్మిన కథ అది.

క్రాస్ చదివేవాడు:

బీరువా గారూ, మీరు మంచి కేసే ఎత్తుకున్నారు గానీ అది నా వైపే నిలుస్తుంది. మాన్సినీ చంపాడా లేదా అన్నది ఆ పుస్తకం అడిగిన ప్రశ్న కాదు. ప్రాసిక్యూషన్ కేసును బర్కెట్ ఎలా కూల్చాడన్నదే ప్రశ్న. ఆ పని వివరంగా చూడండి.

పుర్రె లోపలికి నొక్కుకుపోయింది కాబట్టి సుత్తి లాంటి దాంతో కొట్టారన్నది ప్రాసిక్యూషన్ పోస్టుమార్టం డాక్టరు స్పిల్స్‌బరీ మాట. ఆయన ఒక చిన్న ఎముక ముక్కను కోర్టుకు తెచ్చాడు. అలాంటిదొకటి ఉందని డిఫెన్స్‌కు ముందుగా చెప్పనే లేదు. అలా చెప్పకపోవడాన్ని బర్కెట్ జ్యూరీ ముందే ఎత్తి చూపాడు. తర్వాత, నేలమాళిగ వాటాకు దిగే మెట్ల మీంచి పడినా అలాంటి దెబ్బ తగలొచ్చని స్పిల్స్‌బరీ చేతే ఒప్పించాడు. ఇక రక్తం మరకలున్న బట్టల సంగతి. వాటిలో కొన్ని ఆమె చనిపోయిన తర్వాత దర్జీ ఇచ్చినవని చూపించాడు. ఈ రెండూ పోయాక మిగిలింది పెట్టెలో దాచిన శవం, ముద్దాయి చెప్పిన అబద్ధాలు. శవం దాచడం హత్యకు రుజువు కాదు. ఆ సాక్ష్యం మీద జ్యూరీ ఇచ్చిన తీర్పు సరైనదే. నలభై రెండేళ్ల తర్వాత వచ్చిన ఒప్పుకోలు దాన్ని తప్పు చేయదు.

పాతకేసుల బీరువా:

తీర్పు సరైనదని నేనూ ఒప్పుకుంటాను. నా బాధ వేరు. ఆ అధ్యాయం చదివినవాడికి బర్కెట్ గుర్తుంటాడు, వయొలెట్ కే గుర్తుండదు. లాయరు రాస్తే కథానాయకుడు లాయరే అవుతాడు.

రేడియో రూపకం:

మీరిద్దరూ పుస్తకం దగ్గరే ఆగారు. జనంలోకి ఎక్కువగా వెళ్లింది ఆయన గొంతు, తెరమీద ఆయన ముఖం. 1953 నుంచి 1961 దాకా ‘స్కాట్లాండ్ యార్డ్’ పేరుతో మెర్టన్ పార్క్ స్టూడియోలో 39 పొట్టి చిత్రాలు తీశారు. తర్వాత 1967 దాకా ‘స్కేల్స్ ఆఫ్ జస్టిస్’ పేరుతో ఇంకో 13. కేసు మొదలుపెట్టేదీ, ముగించేదీ ఆయనే.

ఈ రూపానికి కారణం చట్టంలోనే ఉంది. 1925 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం 41వ సెక్షన్ ఇంగ్లండ్ కోర్టులో ఫొటో తీయడాన్నీ, అక్కడే కూర్చుని ప్రచురణ కోసం బొమ్మ గీయడాన్నీ నిషేధించింది. అంటే అసలు విచారణ బొమ్మ దొరకదు. చిత్రకారుడు బయటికొచ్చి గుర్తున్నది గీయాలి, ప్రసారకుడు నటులతో మళ్లీ ఆడించాలి.

ఇక్కడే లెక్క తేడా వస్తుంది. నిమిషానికి 150 మాటల చొప్పున అరగంటలో 4,500 మాటలు పడతాయి. కోర్టు రోజుకు ఐదు గంటలు నడిచిందనుకుంటే 45,000. నాలుగు రోజుల విచారణ 1,80,000. అంటే నలభైలో ఒక వంతు మిగులుతుంది. కోత ఎక్కడ పడుతుంది? చీఫ్ ఎగ్జామినేషన్, అంటే సాక్షిని పిలిచిన లాయరు మొదట అడిగేది, మొత్తం కథకుడి నోట రెండు వాక్యాలవుతుంది. ఎదుటి లాయరు చేసే క్రాస్ ఎగ్జామినేషన్‌లో పదునైన ఐదారు ప్రశ్నలు నిలుస్తాయి. ఆ తర్వాత పిలిచిన లాయరే మళ్లీ అడిగే రీ-ఎగ్జామినేషన్ పూర్తిగా ఎగిరిపోతుంది. సాక్షి క్రాస్‌లో తడబడి, రీ-ఎగ్జామినేషన్‌లో సర్దుకున్న మాట శ్రోతకు చేరదు. క్రాస్‌లో పడిపోయిన ప్రతి సాక్షీ అబద్ధాలకోరే అన్న భ్రమ అలా పుడుతుంది. ఇది లస్ట్‌గార్టెన్ దురుద్దేశం అనను, ఆ అరగంట కొలత చేసే పని.

క్రాస్ చదివేవాడు:

కోత గురించి మీరన్నది నిజం. అయినా బారిస్టరు కాబట్టే ఆయన కంట పడేవి కొన్నుంటాయి, మామూలు రచయిత వాటిని దాటేస్తాడు. చివరి మాట ఎవరిది అన్నది అలాంటిదే.

ఇంగ్లండ్‌లో 1898 దాకా హత్య కేసులో ముద్దాయి తన తరఫున ప్రమాణం చేసి సాక్ష్యం ఇవ్వడానికి వీల్లేదు. మన కోర్టుల్లో పాత సీఆర్‌పీసీ 313 కింద (2024 జూలై నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 351) ముద్దాయిని జడ్జి ప్రశ్నలడిగే పద్ధతికి అలవాటుపడినవాళ్లకు ఇది విడ్డూరంగా ఉంటుంది. 1886లో అడిలేడ్ బార్ట్‌లెట్ కేసులో భర్త కడుపులో ద్రవ క్లోరోఫాం దొరికింది, గొంతులో కాలిన గుర్తులు లేవు. ఎలా పోశారన్నది ప్రాసిక్యూషన్ చెప్పలేకపోయింది. ఆమె నోరు మెదపకుండానే ఎడ్వర్డ్ క్లార్క్ గెలిచాడు. 1898 తర్వాత బోనెక్కే వీలొచ్చింది. దాంతో ఎక్కాలా వద్దా అన్న తలనొప్పీ వచ్చింది. 1907లో హత్య కేసు ముద్దాయి రాబర్ట్ వుడ్ ఎక్కి బయటపడ్డాడు. 1922లో ఈడిత్ థాంప్సన్ ఎక్కి చిక్కుకుంది.

ఇంకో ముడి ఉంది. డిఫెన్స్ ముద్దాయిని ఒక్కడినే బోనెక్కిస్తే చివరి ప్రసంగం డిఫెన్స్‌దే. జరిగిన సంగతుల మీద ఇంకో సాక్షిని పిలిచారా, చివరి మాట ప్రాసిక్యూషన్‌కు పోతుంది. 1964లో చట్టం మారేదాకా ఇదే పద్ధతి. ప్రభుత్వం తరఫున అటార్నీ జనరలో సొలిసిటర్ జనరలో స్వయంగా వస్తే ఎలాగూ చివరి మాట వాళ్లదే. థాంప్సన్ కేసులో సొలిసిటర్ జనరల్ ఇన్‌స్కిప్ వచ్చాడు. కాబట్టి లాయర్ల ప్రసంగాల్లో చివరిది ఈడిత్ లాయరు కర్టిస్ బెనెట్‌ది అయ్యే అవకాశం మొదటి నుంచీ లేదు.

పాతకేసుల బీరువా:

థాంప్సన్ కేసు తెచ్చారు కాబట్టి అక్కడే నిలబడి చెబుతాను. 1922 అక్టోబరులో ఇల్‌ఫర్డ్‌లో ఈడిత్ భర్త పెర్సీ థాంప్సన్‌ను పొడిచి చంపింది ఆమె ప్రియుడు ఫ్రెడరిక్ బైవాటర్స్. ఈడిత్ మీదున్న సాక్ష్యమల్లా ఆమె బైవాటర్స్‌కు రాసిన ప్రేమలేఖలే. భర్త తిండిలో గాజుపొడి పెట్టానని వాటిలో రాసుకుంది. పోస్టుమార్టంలో గాజు గానీ విషం గానీ ఉన్న ఆనవాలు స్పిల్స్‌బరీకే దొరకలేదు. లాయరు వద్దన్నా ఆమె బోనెక్కింది, ప్రతి లేఖకూ జవాబు చెప్పాల్సి వచ్చింది. 1923 జనవరి 9న హాలోవేలో ఉరి తీశారు. ఈమెకు అన్యాయం జరిగిందని లస్ట్‌గార్టెన్ గట్టిగా రాశాడు. అంత గట్టిగా, అంత ముందుగా రాసినవాళ్లు తక్కువ. ఈ కేసులో ఆయనకు చేతులెత్తి మొక్కుతాను. అయినా అది వాదనే. మంచి వాదన.

గడియారం:

వాలెస్ కేసు, అంటే భార్య జూలియాను ఇంట్లో చంపాడని లివర్‌పూల్‌లో వాలెస్ మీద పెట్టిన కేసు, ఎవరూ ముట్టుకోలేదే? లస్ట్‌గార్టెన్ పద్ధతి బలమూ లోపమూ రెండూ అందులో కనిపిస్తాయి. నిమిషాలు పెట్టి చూడండి.

1931 జనవరి 19 సాయంత్రం లివర్‌పూల్ చెస్ క్లబ్బుకు వాలెస్ కోసం క్వాల్‌ట్రో పేరుతో ఫోను వచ్చింది, మర్నాడు 25 మెన్‌లవ్ గార్డెన్స్ ఈస్ట్‌కు రమ్మని. అలాంటి చిరునామా లేదు. ఫోను చేసిన బూత్ వాలెస్ ఇంటికి సుమారు 400 గజాల దూరం. 20న వాలెస్ బయల్దేరాడు, 7:06కు లాడ్జ్ లేన్ దగ్గర ట్రామ్‌లో ఉన్నాడని కండక్టరు చెప్పాడు. దాన్నిబట్టి ఇల్లు వదిలింది 6:50కి లోపే. పాలబ్బాయి జూలియా వాలెస్‌ను బతికుండగా చూసింది ఎప్పుడు? 6:30 అయితే భర్త చేతిలో ఇరవై నిమిషాలు. 6:45 అయితే ఐదు. ఆ ఐదు నిమిషాల్లో చంపడం, కడుక్కోవడం, కోటు తొడుక్కోవడం కుదరదు. కేసంతా ఆ పదిహేను నిమిషాల మీద ఊగుతుంది. ప్రతి సంగతీ నేరానికీ నిర్దోషిత్వానికీ సమానంగా సరిపోతుందని లస్ట్‌గార్టెన్ తేల్చింది ఇందుకే. అది తూకం తెలిసినవాడి మాట.

ఇక లోపం. శవాన్ని చూసిన డాక్టర్ మెక్‌ఫాల్ చనిపోయిన సమయాన్ని శరీరం బిగుసుకోవడాన్నిబట్టి చెప్పాడు. శరీర ఉష్ణోగ్రత గంటగంటకూ తీసి రాసుకోలేదు. థర్మామీటరు పెట్టి ఉంటే ఆ పదిహేను నిమిషాలు కచ్చితంగా తేలేవని కాదు, కానీ ‘ఆరు గంటల ప్రాంతం’ అన్న అంచనా ఎంత వదులుగా ఉందో అంకెల్లో తెలిసేది. కోర్టు రికార్డు నుంచి రాసేవాడికి కోర్టులో అడిగిందే దొరుకుతుంది. తీయని కొలత ఏ పేజీలోనూ ఉండదు.

క్రాస్ చదివేవాడు:

గడియారం గారూ, మీ లెక్కకు ఒక్కటి చేరుస్తాను. విడుదలకు అనుకూలంగా జస్టిస్ రైట్ అనే జడ్జి సారాంశం చెప్పినా జ్యూరీ దోషి అంది. మే 19న అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. సాక్ష్యాన్ని చూస్తే ఆ తీర్పు నిలబడదన్నదే కారణం. సాక్ష్యం చాలక హత్య శిక్ష కొట్టేయడం అప్పటికి చాలా అరుదు. లస్ట్‌గార్టెన్ ప్రతి కేసుకూ వేసే ప్రశ్న అచ్చంగా అప్పీలు కోర్టు వేసుకునే ప్రశ్నే. దాన్ని ‘వాదన’ అని తక్కువ చేయలేం.

పాతకేసుల బీరువా:

తక్కువ చేయను. ఒక్కడి మాట మీదే ఆగొద్దంటున్నాను. థాంప్సన్ కేసు రికార్డు ‘నోటబుల్ బ్రిటిష్ ట్రయల్స్’ వరుసలో 1923లోనే అచ్చయింది. లస్ట్‌గార్టెన్ అధ్యాయం ఒక చేత, అది ఒక చేత పెట్టుకోండి. ఆయన ఎత్తి రాసిన ప్రతి క్రాస్ ప్రశ్న దగ్గరా పేజీ నంబరు వేసుకుని, ఆ సాక్షి రీ-ఎగ్జామినేషన్ ఏమైందో చూడండి. ఆయన వదిలేసినవి అక్కడ బయటపడతాయి.

గడియారం:

అలాగైతే తర్వాత నార్మన్ థార్న్ కేసు తీసుకుందాం, 1925, క్రోబరో కోళ్లఫారం. ఎల్సీ కామెరాన్‌ను చంపాడని థార్న్ మీద కేసు; ఆమే ఉరి వేసుకుందని డిఫెన్స్. ఆమె మెడ మీది గీతలు తాడు గుర్తులని డిఫెన్స్ డాక్టరు బ్రాంటీ, చర్మం సహజంగా పడ్డ ముడతలని స్పిల్స్‌బరీ. బ్రాంటీ ఆ చర్మం ముక్కల్ని సూక్ష్మదర్శినిలో చూపించాడు, జ్యూరీ స్పిల్స్‌బరీ మాట నమ్మింది. ఇక్కడ లాయర్ల నేర్పు కన్నా కణజాలమే ముఖ్యం. లస్ట్‌గార్టెన్ కత్తి ఎంత దూరం తెగుతుందో ఈ కేసులో చూడాలి.