ఐపీ పెట్టడం మోసమా, హక్కా? మా బావ విషయంలో తేల్చి చెప్పండి

సత్తెనపల్లి కుర్రాడు:
మా బావది బట్టల కొట్టు. అప్పు 38 లక్షలకు చేరింది. అందులో 14 లక్షలు బ్యాంకుది, కొట్టు తనఖాలో ఉంది. మిగతాదంతా తెలిసినవాళ్ల దగ్గర నోట్ల మీద తెచ్చిందే. నూటికి రెండు, కొన్నిటికి మూడు రూపాయల వడ్డీ. ఇప్పుడు పాత వడ్డీ కట్టడానికి కొత్త నోటు రాస్తున్నాడు. లాయరుగారు ఐపీ, అంటే అప్పులు తీర్చలేనని కోర్టులో దివాలా పిటిషన్, వేసేయమంటున్నారు. మా నాన్నేమో ‘ఐపీ పెట్టినోడు నా గడప తొక్కొద్దు’ అన్నారు. నాకైతే చచ్చేదాకా వడ్డీ కట్టేకన్నా ఇదే నయమనిపిస్తోంది.

బెజవాడ మాస్టారు:
మీ నాన్నగారిదే న్యాయం. రిటైరయ్యాక వచ్చినదాంట్లో 6 లక్షలు తెలిసినాయనకు నోటు మీద ఇచ్చాను. ఓ రోజు కోర్టు నుంచి కవరొచ్చింది. విప్పితే అప్పులవాళ్ల జాబితా, నేను 47వ వాణ్ణి. నా కింద మా వీధికి పాలుపోసే ఆయన పేరు. అప్పు తీసుకున్నాయన ఇల్లు అప్పటికే భార్య పేరు మీదికి పోయింది. ముందురోజు సాయంత్రం నాతో కూర్చుని కాఫీ తాగాడండీ. దాన్ని హక్కు అంటే నాకు ఒళ్లు మండుతుంది.

డాలస్ నుంచి:
ఇక్కడ మా పక్కింటి అమెరికన్ చాప్టర్ 7, అంటే ఇక్కడి దివాలా పిటిషన్, వేశాడు. క్రెడిట్ రిపోర్టులో 10 ఏళ్లు ఉంటుందట, అంతే. జ్వరమొచ్చి తగ్గినట్టు మామూలుగా చెబుతాడు. మనవాళ్లే ఐపీ అంటే తిట్టులా వాడతారు.

బెజవాడ మాస్టారు:
మీ పక్కింటాయన ఎగ్గొట్టింది క్రెడిట్ కార్డు కంపెనీకి అయ్యుంటుంది. ఇక్కడ మునిగేది పాలాయన.

సివిల్ గుమాస్తా:
లాయరాఫీసులో 20 ఏళ్లుగా ఈ పిటిషన్లు టైపు చేస్తున్నాను, కొన్ని సంగతులు చెప్పనివ్వండి. మన దగ్గర ఐపీ ఇప్పటికీ 1920 నాటి చట్టం కిందే నడుస్తోంది. 2016లో దివాలా స్మృతి వచ్చింది, నిజమే. కానీ అందులో వ్యక్తుల భాగం కంపెనీల అప్పులకు పూచీ ఉన్నవాళ్లకు మాత్రమే 2019 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. మామూలు మనిషికి రాలేదు. చిన్నవాళ్ల అప్పు మాఫీ చేసే పద్ధతి కూడా అందులో రాశారు. అయితే సొంతిల్లు ఉండకూడదు, ఏడాది ఆదాయం 60 వేలు, అప్పు 35 వేలు దాటకూడదు. కాగితం మీదే ఉన్న ఆ సదుపాయం అమలైనా ఎవరికి పనికొస్తుందో నాకు అర్థంకాదు.

మాస్టారూ, మీకు జరిగింది ఐపీ పేరుతో చేసిన మోసం. ఇల్లు భార్యకు ఊరికే రాసిచ్చి రెండేళ్లలోపు పిటిషన్ పడి, అతను దివాలాదారుడని తేలితే, ఆ దస్తావేజును రిసీవరు, అంటే దివాలాదారుడి ఆస్తి చూడటానికి కోర్టు పెట్టిన మనిషి, రద్దు చేయించవచ్చు. మోసంతో చేసిన అప్పు డిశ్చార్జి, అంటే అప్పుల నుంచి కోర్టు ఇచ్చే విడుదల, వచ్చినా పోదు. కానీ అప్పులవాళ్లు వాయిదాకు వచ్చి అడగాలిగా! అంతమందిలో ముగ్గురు కూడా రారు. ‘పోయిన డబ్బుకు మళ్లీ లాయరు ఫీజా’ అని ఊరుకుంటారు.

కుర్రాడికి: బ్యాంకు తనఖా ఐపీతో ఆగదు, కొట్టును వాళ్లు వేలం వేసుకోగలరు. చెక్కులిచ్చి ఉంటే బౌన్స్ కేసు దాని దారిన అది నడుస్తుంది. షూరిటీ సంతకం పెట్టినవాళ్లు అస్సలు బయటపడరు. రైతు ఉంటున్న ఇల్లయితే జప్తు నుంచి రక్షణ ఉంది, మీ బావది వ్యాపారం కనుక ఇల్లు లెక్కలోకి వస్తుంది. ఇంకోటి, చాలామంది దివాలా ఆర్డరు రాగానే పండగ చేసుకుంటారు. కోర్టు ఇచ్చిన గడువులోపు డిశ్చార్జికి వేసుకోకపోతే ఆ ఆర్డరే రద్దయిపోతుంది.

తెనాలి పద్మ:
అసలు ముందే ఐపీ ఎందుకు? మా ఆయనకు నష్టమొచ్చినప్పుడు బ్యాంకుతో వన్ టైమ్ సెటిల్‌మెంట్ (ఒప్పుకున్నంత కట్టి అప్పు ముగించడం) చేసుకున్నాం. సిబిల్‌లో ‘సెటిల్డ్’ అని పడింది, మళ్లీ లోను పుట్టలేదు. పుట్టకపోవడమే మంచిదైంది! నోట్లవాళ్లను ఒక ఆదివారం ఇంటికి పిలిచి, లెక్కల పుస్తకం ముందు పెట్టాం. ఇద్దరు అరిచారు, ఒకాయన కుర్చీ తన్నాడు. చివరికి చాలామంది వడ్డీ వదిలేసి అసలుకు ఒప్పుకున్నారు. స్థలం అమ్మి తీర్చాం.

సత్తెనపల్లి కుర్రాడు:
పద్మగారూ, అమ్మడానికి స్థలం ఉంది కాబట్టి మీకు కుదిరింది. ఇక్కడ ఇల్లొక్కటే. అదీ... దాచడమెందుకు, సంక్రాంతికి అక్క పేరున గిఫ్టు రాశాడు. లాయరుగారికి ఆ సంగతి చెప్పలేదు.

సివిల్ గుమాస్తా:
రేపే చెప్పించండి. రిసీవరు ముందు చూసేది అదే.

బెజవాడ మాస్టారు:
బాబూ, ఐపీ వేయొద్దని ఇక అననులే. మీ బావ నోట్లవాళ్లలో చిన్న మొత్తాలవాళ్లు ఎంతమంది?

సత్తెనపల్లి కుర్రాడు:
లక్షలోపువాళ్లు తొమ్మిది మంది సార్. ఒకామె ఇడ్లీ బండి.

బెజవాడ మాస్టారు:
కోర్టు కవరు కన్నా ముందు ఆ తొమ్మిది మంది ఇళ్లకూ మీ బావను వెళ్లమను. తిడతారు, పడనీ. ఇడ్లీ బండామె దగ్గరికి మొదట వెళ్లాలి.