ల్యాప్‌టాప్ బ్యాకప్ దేనిమీద పెట్టుకోవాలి? కొత్తగా వచ్చినవాళ్ల ప్రశ్న, పాతకాపుల జవాబులు

ఇర్వింగ్ నుంచి (అమెరికాకి కొత్తగా వచ్చాం):
అన్నలకు, అక్కలకు నమస్కారం. నా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో 380 జీబీ నిండింది. అందులో 250 దాకా మా పెళ్లి ఫోటోలు, వీడియోలే. మా ఆవిడది 256 జీబీ మ్యాక్‌బుక్. ఒకే 4 టీబీ డిస్క్ కొని ఇద్దరివీ దాంట్లో పెడదామా, లేక గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి ఊరుకుందామా? నెట్ అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ వస్తోంది. ఉండేది అపార్ట్‌మెంట్.

ప్లేనో నుంచి:
తమ్ముడూ, పెద్దది ఒకటి వద్దు, చిన్నవి రెండు కొను. మ్యాక్‌లో ఉండే బ్యాకప్ ప్రోగ్రామ్ టైమ్ మెషీన్ తనకిచ్చిన డిస్క్‌ని ఏపీఎఫ్ఎస్ అనే యాపిల్ పద్ధతిలో ఫార్మాట్ చేసుకుంటుంది. అది విండోస్‌కి చదవడం రాదు. నీ ల్యాప్‌టాప్‌కి గుచ్చగానే "ఫార్మాట్ చేయమంటావా" అని అడగొచ్చు. నిద్రమత్తులో సరే అని నొక్కావా, మీ ఆవిడ బ్యాకప్ హుళక్కి. డిస్క్‌ని రెండు పార్టిషన్లు (భాగాలు) చేసినా ఆ ప్రశ్న రావొచ్చు.
ఆవిడకి 1 టీబీ చాలు (మ్యాక్‌లో ఉన్న స్థలానికి కనీసం రెట్టింపు ఉండాలి), నీకు 2 టీబీ. రెండున్నర అంగుళాల పోర్టబుల్ డిస్కులే తీసుకో. వాటికి కరెంటు యూఎస్‌బీ తీగ నుంచే వస్తుంది, విడిగా అడాప్టర్ అక్కర్లేదు. ఎవరిది ఏదో స్టిక్కర్ అంటించు.
విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్ తెరిచి ఫైల్ హిస్టరీలోకి వెళ్లు. ఆన్ చేశాక అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తప్పకుండా చూడు. పాత ప్రతులు "ఎప్పటికీ" ఉంచమని ఉంటుంది. అలా వదిలేస్తే డిస్క్ నిండిన రోజున బ్యాకప్ ఆగిపోతుంది. దాన్ని "స్థలం అవసరమయ్యేదాకా" అని మార్చు. ఇంకో మెలిక: అది డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్, డెస్క్‌టాప్ లాంటి ఫోల్డర్లనే చూస్తుంది. పెళ్లి వీడియోలు డి డ్రైవ్‌లో విడి ఫోల్డర్‌లో ఉంటే వాటి ముఖం కూడా చూడదు. ఆ ఫోల్డర్‌ని ఏదో ఒక లైబ్రరీలో చేర్చాలి.
మొదటిసారి రాత్రి పెట్టి పడుకో, ల్యాప్‌టాప్ నిద్రలోకి పోకుండా స్లీప్ ఆపేసి. పెద్ద వీడియోలు జోరుగానే వెళ్తాయి. వేల కొద్దీ చిన్న ఫోటోలే నత్తనడక.

ఎడిసన్ నుంచి:
ప్లేనో అన్న డిస్కుల గురించి చెప్పింది కరెక్టే. గూగుల్ డ్రైవ్ సంగతి నేను చెప్తాను. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, ఐక్లౌడ్ చేసేది సింక్, బ్యాకప్ కాదు. ఇక్కడ పొరపాటున చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులు ఉంటుంది, ఆ తర్వాత గోవిందా. ఉచితంగా ఇచ్చే 15 జీబీ కూడా జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడింటికీ కలిపే.
కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లో ఇంకో తంటా. సెటప్ చేసేటప్పుడే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ కిందకి వెళ్లిపోయి ఉంటాయి. ఫైల్ పక్కన మబ్బు గుర్తు ఉందంటే ఆ ఫైల్ నీ డిస్క్ మీద లేదు, పేరు మాత్రమే ఉంది. బయటి డిస్క్ మీదికి తీసే బ్యాకప్‌లో అలాంటివి రావు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి "ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్" పెట్టి, ఆకుపచ్చ టిక్కు వచ్చాకే బ్యాకప్ మొదలుపెట్టు. మ్యాక్‌లోనూ అంతే: ఫోటోల సెట్టింగ్స్‌లో "ఆప్టిమైజ్ మ్యాక్ స్టోరేజ్" ఉంటే అసలు ఫోటోలు యాపిల్ దగ్గరే ఉంటాయి, టైమ్ మెషీన్‌కి అందవు.
అసలైన క్లౌడ్ బ్యాకప్ కావాలంటే బ్యాక్‌బ్లేజ్ లాంటిది పెట్టుకో. పాత వెర్షన్లు కూడా దాస్తుంది. నీ 20 ఎంబీపీఎస్ మీద 380 జీబీ ఎక్కడానికి లెక్క ప్రకారం 42 గంటలు. ఇంట్లో వీడియో కాల్స్ నడుస్తాయి కాబట్టి మూడు నాలుగు రోజులు వేసుకో. నెలవారీ డేటా పరిమితి ఉన్న కనెక్షనేమో ముందే చూసుకో.

ఫ్రిస్కో నుంచి:
డిస్క్ ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు. ఒక కాంప్లెక్స్‌లో పైఫ్లాట్ వాటర్ హీటర్ పగిలి, కింద ఫ్లాట్‌లో రాసుకునే బల్ల మీదికి రాత్రంతా నీళ్లు కారాయి. ల్యాప్‌టాప్ బల్ల మీద, బ్యాకప్ డిస్క్ అదే బల్ల సొరుగులో. రెండూ పోయాయి. లీజింగ్ ఆఫీసుకి వెళ్తే ముందు మెయింటెనెన్స్ టికెట్ వేయమన్నారు. తర్వాత మేనేజర్ సెలవులో ఉన్నాడన్నారు. పది రోజులు తిప్పి చివరికి లీజులో ఒక పేరా చూపించారు: యజమాని ఇన్సూరెన్స్ బిల్డింగ్‌కే, అద్దెకున్నవాళ్ల సామాన్లకి వర్తించదు. రెంటర్స్ ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి డిడక్టిబుల్ (మనం భరించాల్సిన వాటా) పోగా ల్యాప్‌టాప్ డబ్బులు వచ్చాయి. ఫోటోలకి ఏ ఇన్సూరెన్సూ డబ్బివ్వదు.
అందుకే ఒక ప్రతి ఇంటి బయట ఉండాలి. పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క ఇదే: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట.

ఆస్టిన్ నుంచి:
నువ్వు అడగలేదు కానీ చెప్తున్నా నాన్నా, డిస్క్ ఏది కొన్నావన్నదానికంటే తాళం ఎక్కడుందన్నది ముఖ్యం. గూగుల్ ఖాతా రికవరీ నంబరు ఇంకా ఇండియా నంబరేనా? ఈ రోజే మార్చు. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకపోతే తీసేయొచ్చని ట్రాయ్ నియమం, ఆ తర్వాత ఆ నంబరు ఇంకొకరికి పోతుంది. ఓటీపీ వాళ్లకి వెళ్తుంటే నీ క్లౌడ్ బ్యాకప్ ఉన్నా లేనట్టే. పది బ్యాకప్ కోడ్లు ఇస్తుంది గూగుల్, కాగితం మీద ప్రింట్ తీసి పాస్‌పోర్టుతో పాటు పెట్టు. డిజిలాకర్‌కి ఆధార్‌కి జోడించిన నంబరు కావాలి కాబట్టి ఆ సిమ్‌ని మాత్రం బతికించుకో.
విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయి (కీ లేకుండా చదవలేకుండా తాళం పడి) ఉండొచ్చు. మదర్‌బోర్డు మార్చిన రోజున 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో ఇప్పుడే చూసి, అదీ రాసి పెట్టుకో. కీ లేకపోతే డిస్క్ ఊడదీసి ఏ షాపుకి తీసుకెళ్లినా లాభం లేదు.
బయటి డిస్క్ మీద పాస్‌పోర్టు, వీసా కాగితాలు (ఐ-797, ఐ-94), జీతం కాగితం (డబ్ల్యూ-2), వీటి స్కాన్లు బట్టబయలుగా పెట్టకు. విండోస్ హోమ్‌లో బిట్‌లాకర్ (విండోస్ వాళ్ల ఎన్‌క్రిప్షన్) పెట్టిన యూఎస్‌బీ డిస్క్‌ని తెరవడం కుదురుతుంది, కొత్తగా పెట్టడం కుదరదు. వెరాక్రిప్ట్ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్‌తో 20 జీబీ డబ్బా ఒకటి చేసి కాగితాలన్నీ దాంట్లో వెయ్యి. మ్యాక్‌కైతే టైమ్ మెషీన్ డిస్క్ ఎంచుకునేటప్పుడే ఎన్‌క్రిప్ట్ అని ఉంటుంది.
ఊరి నుంచి అను ఫాంట్లలో కొట్టించిన దస్తావేజులు, శుభలేఖలు ఉంటే పీడీఎఫ్ చేసి దాచు. ఫాంట్ లేని కంప్యూటర్‌లో అవి పిచ్చి గీతలే.

ఎడిసన్ నుంచి:
అక్కా, పన్ను కాగితాలు ఏడేళ్లు దాచాలని కూడా చెప్పండి.

ఆస్టిన్ నుంచి:
ఏడేళ్లు అందరికీ కాదండీ. మామూలుగా మూడు. ఆదాయం 25 శాతానికి మించి చూపకుండా వదిలేస్తే ఆరు. రాని బాకీలు, విలువ పోయిన షేర్లు చూపినవాళ్లకి ఏడు. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల రిపోర్టు) వేయాలి, ఆ రికార్డులు ఐదేళ్లు. నన్నడిగితే ఏదీ పారేయకు, మొత్తం కలిపినా ఒక పెళ్లి వీడియో అంత ఉండదు.

శాన్ హోసే నుంచి:
ఈ డిస్కుల గోలంతా ఎందుకు? రెండు బేల నాస్ (రెండు డిస్కులు పట్టే, ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే పెట్టె) పెట్టి రెయిడ్ 1 (రెండు డిస్కుల మీదా ఒకే రాత) చేస్తే ఒక డిస్క్ పోయినా రెండోది ఉంటుంది. రెండు ల్యాప్‌టాప్‌లూ వైఫై మీద వాటంతటవే ఎక్కుతాయి.

ప్లేనో నుంచి:
రెయిడ్ బ్యాకప్ కాదు సార్, ఇది వందోసారి. చెరిపిన ఫైల్ రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో చెరుగుతుంది. దొంగ పెట్టె మొత్తం ఎత్తుకుపోతాడు. పైగా నాస్‌లో వేసే డిస్క్ ఎస్ఎంఆర్ (డేటా గీతలు ఒకదానిమీద ఒకటి కొంచెం ఎక్కేలా రాసే) రకమో సీఎంఆర్ (గీతలు విడివిడిగా రాసే) రకమో చూసుకోవాలి. డిస్క్ మార్చి రెయిడ్ మళ్లీ కట్టేటప్పుడు ఎస్ఎంఆర్ డిస్క్ చతికిలపడుతుంది. నాస్ కోసం అమ్మే రెడ్ శ్రేణి డిస్కుల్లో కొన్ని ఎస్ఎంఆర్ అని వెస్టర్న్ డిజిటల్ 2020లో ఒప్పుకుంది కదా. అద్దె ఇల్లు మారే కొత్త జంటకి ఆ పెట్టె ఎందుకు?

శాన్ హోసే నుంచి:
రెయిడ్ ఒక్కటే చాలని నేననలేదు, స్నాప్‌షాట్లు (ఫలానా సమయానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో దాచినవి) ఉంటాయి. సరే. ఇంటి బయట ప్రతికైతే ఎస్ఎస్‌డీ (లోపల తిరిగే భాగాలు లేని, చిప్పుల మీద దాచే డిస్క్) కొని, ఇండియా వెళ్లినప్పుడు అమ్మానాన్నల బీరువాలో పెట్టి రావొచ్చు. కిందపడినా అంత తేలిగ్గా చెడదు.

ప్లేనో నుంచి:
బీరువాలో ఏళ్ల తరబడి పెట్టడానికి ఎస్ఎస్‌డీనా! కరెంటు లేకుండా పడుకున్న ఎస్ఎస్‌డీ మెల్లగా మర్చిపోతుంది. చిప్పులకి ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ లెక్క ప్రకారం, రాత ఆయుష్షు పూర్తిగా అరిగిన మామూలు ఎస్ఎస్‌డీ 30 డిగ్రీల దగ్గర ఏడాది నిలబెట్టుకుంటే చాలు. కొత్తది అంతకంటే ఎక్కువే ఆగుతుంది, కాదనను. కానీ వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది. మే నెలలో బెజవాడ బీరువాలో 30 డిగ్రీలు ఉంటుందా? అక్కడ పెట్టేదైతే తిరిగే హార్డ్ డిస్కే పెట్టండి, సిలికా జెల్ పొట్లంతో జిప్ కవర్లో. ఎలాగూ ఏడాదికోసారే మారుస్తారు, కాబట్టి పెళ్లి ఆల్బమ్ లాంటి మారని వాటికే అది పనికొస్తుంది. తీసుకెళ్లేది చేతిసంచీలో, చెక్-ఇన్ లగేజీలో కాదు.

ఇర్వింగ్ నుంచి:
చాలా థాంక్స్ అండీ. రెండు డిస్కులు ఆర్డర్ చేశాం, రికవరీ నంబరు మార్చాను. డిస్క్ ఎప్పుడూ ల్యాప్‌టాప్‌కి గుచ్చే ఉంచాలా?

ఎడిసన్ నుంచి:
వద్దు. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వైరస్) వస్తే గుచ్చి ఉన్న డిస్క్‌ని కూడా తాళం వేసేస్తుంది. ఆదివారం గుచ్చు, బ్యాకప్ అయ్యాక ఎజెక్ట్ చేసి తీసెయ్. ఎజెక్ట్ చేయకుండా లాగకు, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కులు దానికే ముందు చెడతాయి. మూడు నెలలకోసారి డిస్క్ నుంచి ఐదు ఫైళ్లు వేరే ఫోల్డర్లోకి తిరిగి తీసి తెరిచి చూడు. అందులో ఒకటి పెద్ద వీడియో అయి ఉండాలి, చివరి నిమిషం దాకా జరిపి ఆడించు. సగంలో ఆగిన కాపీ మొదటి నిమిషం బాగానే ఆడుతుంది.

ప్లేనో నుంచి:
రోబోకాపీ (విండోస్‌లో ఉండే కాపీ కమాండ్) వాడతానంటే మిర్రర్ ఆప్షన్ జోలికి పోకు తమ్ముడూ. మూలంలో లేనివన్నీ డిస్క్ మీద కూడా చెరిపేస్తుంది. ఎక్కడి నుంచి, ఎక్కడికి అన్నవి తారుమారు చేసి రాశావంటే ఖాళీ డిస్క్‌ని చూసి నీ ల్యాప్‌టాప్‌ని ఖాళీ చేస్తుంది.